సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ సర్టిఫికెట్ పరీక్షలు – మన విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతులు

ప్రతి ఏటా వార్షికోత్సవానికి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు, భోజనాల దగ్గర తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ కోర్సు చేస్తే తొందరగా ఉద్యోగం వస్తుంది?" చేతిలో కంచం పట్టుకుని నిలబడి దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కష్టం. అందుకే ఈసారి సంచికలో వివరంగా రాద్దామని మేము నలుగురం అనుకున్నాము. మేము నలుగురమూ ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు వేర్వేరు ఊళ్లలో సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాము. నలుగురమూ లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష రాశాము. ముగ్గురం మొదటిసారే పాసయ్యాము, ఒకరు తప్పారు. ఆ తప్పిన సంగతి కూడా దాచకుండా రాస్తున్నాము. పాసయిన వాళ్ల కథ కన్నా అదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని మా నమ్మకం.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటే ఎవరు?

మనం ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్, ఇంటర్ ఫలితాలు చూసే వెబ్‌సైట్, రైలు టిక్కెట్టు, ఫోన్లో డబ్బు పంపడం – వీటన్నిటి వెనుక ఎక్కడో ఒకచోట సర్వర్లు నడుస్తూ ఉంటాయి. సర్వర్ అంటే రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసే కంప్యూటరే. దానిని నిలబెట్టేవాడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. కొత్త ఉద్యోగికి ఖాతా తెరవడం, వెళ్లిపోయినవాడి ఖాతా మూసేయడం, డిస్క్ నిండిపోతే చోటు పెంచడం, ఎవరు ఏ ఫైలు చూడవచ్చో నిర్ణయించడం, ఆగిపోయిన సేవను మళ్లీ లేపడం, రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగితే లేచి కూర్చోవడం – ఇదీ అతని పని. ప్రోగ్రాములు రాసేవాళ్ల పేరు వినిపించినంతగా ఇతని పేరు వినిపించదు. పని బాగా జరిగితే అతనున్న సంగతే ఎవరికీ తెలియదు.

ఈ సర్వర్లలో చాలా భాగం లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్‌ను ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు. దానిని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. డబ్బు లేని విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి? పని నేర్చుకోవడానికి కావలసిన అసలు వస్తువు మనకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

పరీక్షలు ఎన్ని రకాలు?

సర్టిఫికెట్ పరీక్షలు ముఖ్యంగా రెండు రకాలని గుర్తుంచుకోండి. మొదటి రకంలో ప్రశ్న కింద నాలుగైదు జవాబులుంటాయి, సరైనది గుర్తించాలి. లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వారి ఎల్.పి.ఐ.సి.-1 ఎక్కువగా ఈ తరహాదే. అందులో 101, 102 అని రెండు పరీక్షలుంటాయి. ఒక్కొక్కదానికి 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. సర్టిఫికెట్ 5 ఏళ్లు చెల్లుతుంది. అంతకన్నా చిన్నది, బొత్తిగా కొత్తవాళ్ల కోసం పెట్టినది, అదే సంస్థ వారి లినక్స్ ఎసెన్షియల్స్. దానికి 40 ప్రశ్నలు, 60 నిమిషాలు.

రెండో రకంలో ప్రశ్నపత్రానికి జవాబు రాయడం ఉండదు. మీ ముందు నిజమైన కంప్యూటర్ వ్యవస్థను పెడతారు. ఫలానా పని చేసి పెట్టమంటారు. చేసిన పనిని బట్టి మార్కులు. రెడ్ హ్యాట్ సంస్థ వారి పరీక్షలు ఈ కోవకు చెందినవి. ఆ సంస్థ ఆర్.హెచ్.సి.ఇ. అనే సర్టిఫికెట్‌ను 1999లో మొదలుపెట్టింది. దానికి ముందు మెట్టుగా ఇప్పుడు ఆర్.హెచ్.సి.ఎస్.ఎ. ఉంది. మేము రాసింది ఈ మెట్టే. అందుకే ఇక్కడినుంచి దీని గురించే చెబుతాము.

మీ అన్నలెవరైనా ఎం.సి.ఎస్.ఇ. చేయమని సలహా ఇస్తే ఒక మాట గుర్తుంచుకోండి. మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికెట్‌ను 2021 జనవరి 31తో ఆపేసింది. ఒకప్పుడు అమీర్‌పేట గోడల నిండా దాని పేరే కనిపించేది. ఇప్పుడు దాని స్థానంలో చేసే ఉద్యోగాన్ని బట్టి వేర్వేరు పరీక్షలున్నాయి. ఈ రంగంలో పదేళ్ల కిందటి సలహా పనికిరాకపోవచ్చు. డబ్బు కట్టే ముందు ఆ పరీక్ష ఇప్పుడు ఉందో లేదో, ఏ వెర్షన్ మీద జరుగుతున్నదో ఆ సంస్థ సొంత పేజీలో చూసుకోండి. కోచింగ్ వాళ్ల కరపత్రాన్ని నమ్ముకోవద్దు.

పరీక్ష గదిలో జరిగేదేమిటి?

ఆర్.హెచ్.సి.ఎస్.ఎ. పరీక్ష కోడ్ ఈఎక్స్200. సమయం 3 గంటలు. మొత్తం 300 మార్కులు, పాసవడానికి 210 రావాలి. ఇంటర్నెట్ ఉండదు. పుస్తకం, నోట్సు, ఫోన్ లోపలికి రానివ్వరు. అయితే ఆ కంప్యూటర్‌లోనే లినక్స్‌తోపాటు వచ్చే సహాయ పత్రాలుంటాయి. వాటిని మాన్ పేజీలంటారు. వాటిని ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఫలితం మామూలుగా మూడు పనిదినాల్లో మెయిల్‌కు వస్తుంది. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. ఆ లోపు పై పరీక్ష పాసయితేనో, మళ్లీ ఇదే రాస్తేనో గడువు పెరుగుతుంది.

పరీక్షకు వెళ్లే ప్రతివారూ ప్రశ్నలు బయట చెప్పబోమని ఒప్పుకోవాలి. అందుచేత మాకు వచ్చిన ప్రశ్నలు మేము రాయము. రాయవలసిన అవసరం కూడా లేదు. ఏయే పనులు రావాలో ఆ సంస్థే తన పేజీలో జాబితాగా పెట్టింది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. సారాంశంలో అవి ఇవి: కమాండ్లతో ఫైళ్లను వెతకడం, పోగుచేయడం, చిన్న షెల్ స్క్రిప్టులు రాయడం, యూజర్లను, గ్రూపులను సృష్టించడం, పాస్‌వర్డ్ గడువు పెట్టడం, డిస్క్‌ను భాగాలు చేయడం, ఉన్న భాగాన్ని పెంచడం, నెట్‌వర్క్ చిరునామా ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, అనుకున్న వేళకు పని దానంతటదే జరిగేలా చేయడం, ఫైర్‌వాల్, ఎస్.ఇ.లినక్స్ అనే భద్రతా ఏర్పాట్లను సరిచేయడం. పాస్‌వర్డ్ తెలియని యంత్రంలోకి ప్రవేశించి కొత్త పాస్‌వర్డ్ పెట్టడం. వెర్షన్ మారినప్పుడల్లా ఈ జాబితాలో కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి.

కంచం – రిజిస్టరు

ఈ పరీక్షలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఆ సంస్థ పేజీలో ఒక్క వాక్యంలో ఉంటుంది, చాలామంది దాన్ని చదివి కూడా దాటిపోతారు. మీరు చేసిన ప్రతి మార్పూ కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపిన తరువాత కూడా, ఎవరి చెయ్యీ పడకుండా, నిలిచి ఉండాలి. రీబూట్ అయ్యాక లేనిది లేనట్టే. దానికి మార్కు లేదు.

ఇది మన హాస్టల్ భాషలో చెబితే సులభంగా అర్థమవుతుంది. కొత్తగా ఒక తమ్ముడు హాస్టల్‌లో చేరాడనుకోండి. మీరు వంటగదిలోకి వెళ్లి "పెద్దమ్మా, ఈ పూటకు ఇతనికి కూడా పెట్టు" అంటే ఆమె పెడుతుంది. అతని కడుపు నిండుతుంది. కానీ వార్డెన్ గారి రిజిస్టరులో పేరు ఎక్కలేదు. మరునాడు సరుకులు రిజిస్టరు చూసే ఇస్తారు, అతనికి కంచం ఉండదు. నిన్న తిన్నాడు కదా అంటే కుదరదు.

లినక్స్‌లో దాదాపు ప్రతి పనికీ ఇలాగే కంచం ఒకటి, రిజిస్టరు ఒకటి ఉంటాయి.

ఒక సేవను 'స్టార్ట్' అంటే ఇప్పుడు లేస్తుంది. 'ఎనేబుల్' అంటే ప్రతిసారీ యంత్రంతోపాటు లేస్తుంది. మొదటిది కంచం, రెండోది రిజిస్టరు. రెండూ చేయాలి.

ఫైర్‌వాల్‌లో ఒక ద్వారం తెరిస్తే ఈ పూటకు తెరుచుకుంటుంది. 'పర్మనెంట్' అనే మాట చేర్చితే రిజిస్టరులో ఎక్కుతుంది. అలా చేర్చాక 'రీలోడ్' చేస్తేనే ఈ పూటకు కూడా అమల్లోకి వస్తుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, రిజిస్టరులో రాసి కంచం పెట్టడం మరిచిపోయేవాళ్లు కూడా ఉంటారు.

ఎస్.ఇ.లినక్స్‌లో కొన్ని అనుమతులను 'బూలియన్' అనే స్విచ్చులతో ఇస్తారు. స్విచ్చు వేసేటప్పుడు కమాండ్‌లో పెద్ద 'పి' అక్షరం చేర్చకపోతే రీబూట్‌తో అది యథాస్థితికి వెళ్లిపోతుంది.

డిస్క్‌లో కొత్త భాగాన్ని చేతితో 'మౌంట్' చేస్తే కళ్లముందు కనిపిస్తుంది, ఫైళ్లు కూడా పెట్టుకోవచ్చు. కానీ దాని రిజిస్టరు వేరే ఉంది. ఈటీసీ అనే డైరెక్టరీలో ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే చిన్న ఫైలు అది. యంత్రం లేచేటప్పుడు ఆ ఫైలు చదివి ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో తెలుసుకుంటుంది. అందులో ఒక వరుస రాయకపోతే మీ పని పోతుంది. తప్పు రాస్తే అంతకన్నా ప్రమాదం. ఎంత ప్రమాదమో ఇక చదవండి.

మాలో ఒకరికి జరిగిన సంగతి

మాలో ఒకరు మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాల్లో పనులన్నీ ముగించాడు. పరీక్షించి చూసుకున్నాడు, అన్నీ పనిచేస్తున్నాయి. మిగిలిన సమయంలో మొదటినుంచి మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. ఇంక పది నిమిషాలుందనగా చివరిసారిగా రీబూట్ చేశాడు. యంత్రం లేవలేదు. తెర మీద 'ఎమర్జెన్సీ మోడ్' అని పడింది.

ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో డిస్క్ భాగాన్ని గుర్తుపట్టే పొడవాటి సంఖ్య ఉంటుంది. దాన్ని కాపీ చేయకుండా చూసి టైపు చేశాడు. ఒక్క అక్షరం తేడా పడింది. యంత్రం లేని డిస్క్ కోసం వెతికి, దొరకక, ఆగిపోయింది. సరిచేయడం పెద్ద పనేమీ కాదు. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి ఆ వరుస దిద్దితే చాలు. సాధనలో ఆ పని రెండు నిమిషాల్లో చేసేవాడు. ఆ రోజు చేతులు వణికాయి. సమయం అయిపోయింది. లేవని యంత్రం మీద చేసిన పనులు ఎంత చక్కగా చేసినా మార్కులు రావు. ఫెయిలని మెయిల్ వచ్చింది.

ఆ రుసుము కట్టడానికి అతను ఉపకార వేతనంలో మిగిల్చింది కొంత, వేసవిలో మిర్చి కోతలకు వెళ్లి అమ్మ దాచింది కొంత, రూమ్మేట్లు ఇచ్చింది కొంత కలిపాడు. అందుకే ఫలితం వచ్చిన రాత్రి అతను మెస్‌కు రాలేదు. రెండు వారాలు కంప్యూటర్ ముట్టలేదు. తరువాత రూమ్మేట్లే బలవంతాన ల్యాబ్‌కు తీసుకుపోయారు. ఆ రోజునుంచి ఆరు నెలలు అతను చేసిన సాధన ఒకటే: ప్రతి పని తరువాత రీబూట్. కావాలని ఎఫ్ఎస్‌ట్యాబ్‌ను పాడుచేసి, యంత్రం ఆగిపోయాక గడియారం చూసుకుంటూ బాగుచేయడం. రెండోసారి పాసయ్యాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఏ సర్వర్ లేవకపోయినా ముందు అతన్నే పిలుస్తారు.

దీనివల్ల మేము నేర్చుకున్నవి మూడు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో చెయ్యి పెట్టిన వెంటనే 'మౌంట్ -ఎ' అనే కమాండ్ ఇవ్వాలి. ఆ వరుసలో తప్పుంటే చాలావరకు అప్పుడే బయటపడుతుంది, రీబూట్ దాకా రాదు. రెండు, రీబూట్‌ను చివరికి దాచుకోకూడదు. డిస్క్ పని అయిన వెంటనే ఒకసారి, మధ్యలో ఒకసారి, కనీసం అరగంట మిగిలి ఉండగా ఒకసారి చేయాలి. మూడు, పొడవాటి సంఖ్యలను ఎప్పుడూ చూసి టైపు చేయకూడదు.

ఇంగ్లీషు రాదనే భయం

తెలుగు మీడియం తమ్ముళ్లు ఎక్కువగా వెనకడుగు వేసేది ఇక్కడే. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, నిజమే. కానీ అక్కడ వ్యాసం రాయమనరు, మాట్లాడమనరు. "ఫలానా పేరుతో యూజర్‌ను సృష్టించు, ఫలానా గ్రూపులో చేర్చు" అనే తరహా చిన్న వాక్యాలు చదివి అర్థం చేసుకుంటే సరిపోతుంది. కమాండ్లు మొత్తం కలిపి మీకు రోజూ పనికొచ్చేవి వందకు మించవు. మాన్ పేజీ చదవడం మాత్రం అలవాటు చేసుకోవాలి. మొదట్లో కొరుకుడు పడదు. రోజుకొక పేజీ తీసుకుని, చివర ఉండే ఉదాహరణలు ముందు చదివి, తరువాత పైకి వెళ్లండి. మూడు నెలల్లో ఆ ఇంగ్లీషు మీకు బస్సు బోర్డు చదివినంత తేలికవుతుంది.

ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లినక్స్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ ప్రాజెక్టు పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి మార్చారు. మొదట అక్కడ మన భాషలో విని, తరువాత ఇంగ్లీషు పత్రాలకు వెళితే భయం సగం పోతుంది.

ఈ పరీక్ష రాయడానికి డిగ్రీ మార్కులు అడగరు. బి.ఎ. వాళ్లూ, బి.కాం. వాళ్లూ, డిప్లొమా వాళ్లూ రాయవచ్చు. మీరెవరి అబ్బాయి, ఏ ఊరు, ఏ వీధి అని కూడా ఎవరూ అడగరు. యంత్రం లేచిందా, లేవలేదా అన్నదే లెక్క. ఇది మాకు చాలా నచ్చిన విషయం. అలాగని చదువుతున్న డిగ్రీ వదిలేయకండి. పరీక్ష అడగకపోయినా ఉద్యోగమిచ్చేవాళ్లు డిగ్రీ అడుగుతారు.

సాధన ఎలా చేయాలి?

ఈత నీళ్లలో దిగితేనే వస్తుంది. ఇందుకు సొంత కంప్యూటర్ ఉంటే మంచిదే, లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి సంపాదించుకోండి. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, దాని లోపల రెండు కల్పిత యంత్రాలు నడుపుకోవచ్చు. పాడుచేసినా నష్టం లేదు, చెరిపి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

మేము చదివే రోజుల్లో సెంటాస్ మీద సాధన చేశాము. అది ఇప్పుడు లేదు. సెంటాస్ 8ని 2021 డిసెంబరు 31తో, సెంటాస్ 7ని 2024 జూన్ 30తో ఆపేశారు. దాని లోటు తీర్చడానికి 2021లో ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. రెండూ ఉచితం, రెండూ రెడ్ హ్యాట్ లినక్స్‌కు దగ్గరగా ఉంటాయి. రెడ్ హ్యాట్ వారు కూడా తమ డెవలపర్ పథకంలో పేరు నమోదు చేసుకున్న వ్యక్తులకు అసలు లినక్స్‌నే ఉచితంగా ఇస్తున్నారు.

పాత కంప్యూటర్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 10 పాత ప్రాసెసర్ల మీద నడవదు. ఇంటెల్ అయితే సుమారుగా 2013లో వచ్చిన హాస్వెల్ తరం, లేదా ఆ తరువాతది అయి ఉండాలి. పాత ప్రాసెసర్ ఉన్నవాళ్ల కోసం ఆల్మా లినక్స్ 10ని విడిగా ఒక రూపంలో ఇస్తున్నారు. దాతలు ఇచ్చిన కంప్యూటర్లున్న మన ల్యాబ్‌కు ఇది తెలుసుకోదగిన సంగతి.

రోజుకు గంటన్నర చొప్పున నాలుగైదు నెలలు చేస్తే బొత్తిగా కొత్తవారికి కూడా సరిపోతుందని మా అనుభవం. జాబితాలోని ఒక్కొక్క పనినీ మూడు మెట్లుగా చేయండి. మొదట పుస్తకం చూసి చేయాలి. తరువాత మాన్ పేజీ మాత్రమే చూసి చేయాలి. చివరగా ఇంకొకరు పాడుచేసిన దాన్ని బాగుచేయాలి. ఈ మూడో మెట్టుకు హాస్టల్‌ను మించిన చోటు లేదు. మేము ఒకరి యంత్రాన్ని ఒకరు చెడగొట్టి, "ఇరవై నిమిషాల్లో లేపు చూద్దాం, ఓడితే చాయ్ నీదే" అని పందెం కాసేవాళ్లం. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదివేవాడికి ఈ అదృష్టం ఉండదు.

ఈ మధ్య అడిగితే చాలు కమాండ్ రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. నేర్చుకోవడానికి వాడుకోండి, తప్పు లేదు. కానీ అది ఇచ్చిన కమాండ్ కంచమా, రిజిస్టరా అన్నది గుర్తుపట్టవలసింది మీరే. పరీక్ష గదిలో అది పక్కన ఉండదు.

డంపుల జోలికి పోవద్దు

పాత ప్రశ్నలూ జవాబులూ దొంగతనంగా పోగుచేసి అమ్మేవాటిని డంపులంటారు. "గ్యారంటీ పాస్" అని కొందరు వీటిని అమ్ముతారు. 1990ల చివర విండోస్ ఎన్.టి. రోజుల్లో ఇలా బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఎక్కువైపోయి, వాళ్లకు 'పేపర్ ఎం.సి.ఎస్.ఇ.' అనే వెక్కిరింపు పేరు వచ్చింది. చేతిలో కాగితం ఉంది, చేతికి పని రాదు అని అర్థం. వాళ్లవల్ల కష్టపడి చదివినవాళ్ల సర్టిఫికెట్‌కు కూడా విలువ తగ్గింది.

డంపులు వాడినట్టు తేలితే పరీక్ష సంస్థ సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, మళ్లీ రాయనివ్వకపోవచ్చు. అది ఒక నష్టం. రెండోది ఇంటర్వ్యూలో జరుగుతుంది. "సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగింది, ముందు ఏం చూస్తావు?" అని అడుగుతారు. పాడుచేసి బాగుచేసినవాడు కళ్లు మూసుకుని చెబుతాడు. బట్టీ పట్టినవాడు నీళ్లు నములుతాడు.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు మరొకటి ఉంది. కోర్సు, సర్టిఫికెట్, మూడేళ్ల దొంగ అనుభవ పత్రం, ఉద్యోగం అన్నీ కలిపి ఒకే ధర అని లక్షలు అడిగేవాళ్లున్నారు. మా బ్యాచ్‌లో ఒకరి తండ్రి అర ఎకరం తాకట్టు పెట్టి కట్టాడు. ఉద్యోగమైతే వచ్చింది. నాలుగు నెలల తరువాత కంపెనీ వాళ్లు పాత అనుభవం గురించి విచారణ చేశారు. పత్రంలో ఉన్న ఆఫీసు ఆ చిరునామాలో లేదు. ఉద్యోగం పోయింది, పొలం విడిపించడానికి ఆరేళ్లు పట్టింది. అనుభవం లేకపోతే లేదనే రాయండి. సున్నా అనుభవంతో దొరికే చిన్న ఉద్యోగం నిలబడుతుంది.

డబ్బు, పేరు, గుర్తింపు కార్డు

పరీక్ష రుసుము పన్నులతో కలిపి పదివేల రూపాయలు దాటుతుంది, అప్పుడప్పుడు మారుతుంది కూడా. కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఈ రుసుములో రెండో ప్రయత్నం కలిసి ఉందా? మన కాలేజీ రెడ్ హ్యాట్ అకాడమీ పథకంలో ఉందా? ఉంటే విద్యార్థులకు రాయితీ దొరుకుతుంది. పరీక్ష తేదీ మార్చుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఈ మూడూ తెలుసుకోకుండా కట్టవద్దు. సాధనలో వరుసగా మూడుసార్లు, గడియారం పెట్టుకుని, రీబూట్ తరువాత అన్నీ నిలిచేలా చేయగలిగినప్పుడే కట్టండి.

ఇప్పుడు ఇంటినుంచి కూడా పరీక్ష రాసే వీలుంది. కానీ దానికి వెబ్ కెమెరా, నిలకడైన ఇంటర్నెట్, మూడు గంటలపాటు ఎవరూ రాని గది కావాలి. ఎనిమిదిమంది ఉండే మన గదిలో అది కుదిరే పని కాదు. కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. పరీక్షా కేంద్రానికే వెళ్లండి.

ఇక పేరు. దరఖాస్తులో ఇచ్చిన పేరు, మీరు తీసుకెళ్లే గుర్తింపు కార్డులోని పేరు ఒకేలా ఉండాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరకు వెళుతుంది. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని వేరువేరు గడులుంటాయి. ఏ కార్డు చెల్లుతుందో ముందు చూసి, దానిలో ఉన్నట్టే అక్షరం అక్షరం నింపండి. కార్డే తప్పుగా ఉంటే రెండు నెలల ముందే దిద్దించుకోండి. సర్టిఫికెట్ మీద పడేది కూడా ఆ పేరే.

సర్టిఫికెట్ వచ్చాక

సర్టిఫికెట్ వచ్చిన మరునాడే ఉద్యోగం రాదు. అబద్ధం చెప్పదలుచుకోలేదు. వందల దరఖాస్తుల్లో మీ కాగితాన్ని పక్కన పడేయకుండా ఒకసారి చదివిస్తుంది, అంతవరకు దాని పని. మాలో ఇద్దరు డెస్క్‌టాప్ సపోర్టులో, ఒకరు రాత్రి షిఫ్టులో సర్వర్ల మీద కన్నేసి ఉంచే పనిలో మొదలుపెట్టారు. జీతాలు చిన్నవి. రెండేళ్లకు సర్వర్లు చేతికి వచ్చాయి. ఆ తరువాత ఆర్.హెచ్.సి.ఇ. వైపు వెళ్లవచ్చు. ఇప్పుడు అందులో ఆన్సిబుల్ అనే సాధనంతో ఎన్నో సర్వర్లను ఒకేసారి దిద్దే పని ఉంటుంది. క్లౌడ్ వైపు వెళ్లేవాళ్లకు కూడా అడుగున ఉండేది ఎక్కువగా ఈ లినక్సే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము చివరగా కోరేది ఒకటే. ఈ సంవత్సరం ఎవరు పరీక్షకు సిద్ధపడినా ఒంటరిగా సిద్ధపడకండి. ముగ్గురు నలుగురు ఒక జట్టుగా ఏర్పడి మాకు కబురు పెట్టండి. వార్డెన్ గారి దగ్గర మా నంబర్లున్నాయి. ఆదివారాలు వచ్చి మీ యంత్రాలు చెడగొట్టి పోతాము. ఇరవై నిమిషాల్లో లేపి చూపించండి, చాయ్ మాదే.

– మీ పూర్వ విద్యార్థులు